తగ్గిన రాబడి – తరగని బర్కత్

సృష్టికర్త, పోషకుడు అయిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన చివరి ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబంపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!



కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు వస్తుంది. రాళ్లు, మెట్టచేలు, ఎండ. వాన వస్తే పంట, రాకుంటే అప్పు. ఆ ఊరి మస్జిదులో ఒక జుమా నాడు ప్రసంగం ముగించుకుని బయటికి వస్తుంటే ఒక అబ్బాయి మా చేతిలో మడత పెట్టిన కాగితం పెట్టాడు. "మా అమ్మ ఇమ్మంది హజ్రత్" అన్నాడు.

కాగితంలో ఉన్న విషయం క్లుప్తంగా ఇది: భర్త పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవరుగా పనిచేశాడు. ఉద్యోగం పోయి తిరిగి వచ్చాడు. ఇప్పుడు దొరికిన రోజు కూలికి పోతున్నాడు. ఇంటి రాబడి మూడో వంతుకు పడిపోయింది. కిరాణా అంగడిలో పద్దు పెరిగిపోతోంది. వచ్చే నెల కూతురి నికాహ్. ఆ తల్లి ఇలా అడిగింది: "మేము ఈ మధ్య ఇంట్లో జొన్నరొట్టె, పప్పు మాత్రమే వండుకుంటున్నాము. చుట్టాలు వస్తే తలుపు దగ్గరగా వేసుకుని తింటున్నాము. పెళ్లిలో బిర్యానీ పెట్టకపోతే పిల్లకు అత్తగారింట్లో మాట పడుతుంది. కంతుల మీద అప్పు ఇచ్చేవాళ్లు ఉన్నారు. తీసుకోవచ్చా? తీసుకుంటే గునాహ్ అవుతుందా?"

సోదరులారా! ఈ కాగితం ఒక్క ఇంటిది కాదు. రాయలసీమలో ఎన్నో ముస్లిం ఇళ్లలో ఇదే ప్రశ్న ఉంది. అడగడానికి సిగ్గుపడి చాలామంది అడగరు. ఆ సోదరి అడిగింది. అల్లాహ్ ఆమెకు మేలు చేయుగాక! ఆమె పేరున కాకుండా మనందరి పేరున ఈ ప్రశ్నకు జవాబు వెదుకుదాం.

రోజులు మారుతూ ఉంటాయి

మొదట గ్రహించవలసిన విషయం ఒకటుంది. మంచి రోజులు, కష్టపు రోజులు మనుషుల మధ్య తిరుగుతూ ఉండేలా చేసేది తానేనని ఆలి ఇమ్రాన్ సూరా 140వ ఆయతులో అల్లాహ్ తెలియజేశాడు. ఉహుద్‌లో దెబ్బతిన్న ముస్లిములను ఓదారుస్తూ అవతరించిన సందర్భం అది. అంటే మార్పు రావడం అవమానం కాదు, అల్లాహ్ మనల్ని వదిలేశాడనడానికి గుర్తూ కాదు. అది ఆయన లోకాన్ని నడిపే పద్ధతి.

ఈ ప్రాంతాన్నే చూడండి. మన తాతల కాలంలో ఇక్కడ జొన్న, కొర్ర, సజ్జలే అన్నం. వరి అన్నం పండుగ నాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేద ఇంట్లోనూ రోజూ అన్నం ఉడకసాగింది. అది మేలే. అయితే దానితోపాటు ఇంకొకటి కూడా జరిగింది. నిన్నటిదాకా బలమిచ్చిన జొన్నరొట్టె పేదరికపు గుర్తుగా మారిపోయింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తాయి. అంతస్తుల ఇంటివారు, గుడిసెవారు ఒకే చోట అన్నం పొట్లాల కోసం నిలబడ్డారు. 2017లో మండల సరిహద్దులోని గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. 2021లో ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం తెరుచుకుంది. గొర్రెలు మేసిన నేల మీద ఇప్పుడు విమానం దిగుతోంది. ఈ రాతినేలే ఇంతగా మారుతుంటే మన ఇంటి రాబడి మాత్రం మారకూడదని ఎలా ఆశించగలం?

ఇక ఐక్యరాజ్యసమితి 2023 సంవత్సరాన్ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. చక్కెర వ్యాధి వచ్చినవారు ఇప్పుడు పట్టణాల్లో డబ్బు పెట్టి మరీ జొన్నరొట్టె కొనుక్కుంటున్నారు. రొట్టె అదే, పిండి అదే. విలువ కట్టే మనుషుల చూపు మారిందంతే. మనుషుల చూపుతో మన పరువును కొలుచుకుంటే ఆ కొలత ఏనాడూ ఒక చోట నిలవదు.

హిజ్రత్ నేర్పిన పాఠం

మార్పు అనగానే మనకు గుర్తుకు రావలసినవారు ముహాజిర్లు. మక్కాలో ఇల్లూ వాకిలీ, వ్యాపారం, బంధువులు అన్నీ వదిలి మదీనా చేరారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలో వ్యాపారి. మదీనాలో ఆయన దగ్గర ఏమీ లేదు. దైవప్రవక్త (స) ఆయనకు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)తో సోదర బంధం కలిపారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయనకు బర్కత్ కలగాలని దుఆ చేసి, బజారు ఎటు ఉందో చూపించమని మాత్రం అడిగారు. అక్కడ జున్ను, నెయ్యి అమ్మడం మొదలుపెట్టారు. ఈ సంఘటన బుఖారీలో ఉంది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, నిన్నటి హోదాను తలచుకుని ఆయన కూర్చుండిపోలేదు. "నేను మక్కాలో పెద్ద వ్యాపారిని, ఇక్కడ జున్ను అమ్మాలా?" అని అనుకోలేదు. రెండు, ఇచ్చే చెయ్యి ముందుకు వచ్చినా తన కష్టాన్నే ఎంచుకున్నారు. కువైట్ నుంచి తిరిగి వచ్చిన సోదరా! నిన్న పెద్ద కారు నడిపిన చేయి ఈ రోజు తట్ట మోస్తే ఆ చేయి చిన్నదైపోదు. హలాల్ కూలి ఏదైనా గౌరవమైనదే.

హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) మక్కాలో సుకుమారంగా పెరిగిన యువకుడు. ఉహుద్‌లో షహీద్ అయినప్పుడు ఆయన మీద కప్పడానికి ఉన్న వస్త్రం తల కప్పితే కాళ్లకు చాలలేదు, కాళ్లు కప్పితే తలకు చాలలేదు. చివరకు పాదాలపై ఇజ్ఖిర్ గడ్డి కప్పారు. ఆయనను తలచుకుని సహాబాలు కంటతడి పెట్టేవారు. చాలని ఆ వస్త్రం ఆయన పరువును తగ్గించలేదు.

దైవప్రవక్త (స) ఇంటి పొయ్యి

సోదరీమణులారా! పొయ్యి మీద ఏమీ లేదని దిగులుపడే ముందు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) మాటలు వినండి. రెండు నెలల్లో మూడు నెలవంకలు చూసేవారమని, అయినా దైవప్రవక్త (స) ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదని ఆమె తన అక్క కుమారుడు ఉర్వాకు చెప్పారు. మరి ఎలా బతికేవారని అతడు అడిగితే ఖర్జూరాలు, నీళ్లతోనని, అన్సారు పొరుగువారు పాలు పంపితే అవి తాగేవారమని తెలిపారు.

ఒకసారి దైవప్రవక్త (స) రొట్టెలోకి కూర ఏముందని ఇంట్లో అడిగారు. సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. ఆయన దానినే తెప్పించుకుని, సిర్కా ఎంత మంచి కూర అని మెచ్చుకుంటూ తిన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి తనకు సిర్కా ప్రీతిపాత్రమైందని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పుకున్నారు. గమనించండి! ఆయన లేనిదాని గురించి ఇంటివారిని నొప్పించలేదు. ఉన్నదాన్ని మెచ్చుకున్నారు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే ఊరుకునేవారు. ఏనాడూ అన్నానికి వంక పెట్టలేదని హజ్రత్ అబూహురైరా (రజి) తెలిపారు. మగవారు ఈ ఒక్క సున్నతు పాటిస్తే రాబడి తగ్గిన ఇంట్లో సగం కష్టం తగ్గుతుంది. పప్పు చూసి ముఖం చిట్లించే భర్త భార్యను అప్పుల దారిలోకి తోస్తున్నాడని తెలుసుకోవాలి.

మేము చేసిన తప్పు

చెప్పేవారు తమ సంగతి దాచుకోకూడదు. మదరసా చదువు ముగించి ఇంటికి వచ్చిన కొత్తలో మా ఇంటి పరిస్థితి అంతంత మాత్రం. అబ్బా గతించారు. ఇమామత్‌కు ఇచ్చే జీతం చిన్నది. ఒకరోజు మాకు చదువు చెప్పిన ఉస్తాద్ ఒకరు మా ఇంటికి వస్తున్నట్టు కబురు పంపారు. అమ్మీ జొన్నరొట్టెలు చేసి, చింతచిగురు పప్పు, ఊరిబిండి సిద్ధం చేసింది. మాకు సిగ్గనిపించింది. అమ్మీ వద్దంటున్నా అంగడికి పోయి బాస్మతి బియ్యం, నెయ్యి, కోళ్లు అప్పుగా తెచ్చాము. ఉస్తాద్ నాలుగు ముద్దలు తిని, వయసు వల్ల మసాలా పడటం లేదని లేచారు. మిగిలింది ఇరుగుపొరుగు తిన్నారు. మమ్మల్ని మెచ్చుకున్నారు. మాకు సంతోషం వేసింది.

ఆ పద్దు తీరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నెలల్లో అమ్మీ రక్తపోటు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుందని తర్వాత తెలిసింది. అడిగితే "ఫర్వాలేదు బేటా, బాగానే ఉన్నాను" అంది. గురువు ముందు పరువు నిలుపుకున్నామని మేము అనుకున్నాము. దాని వెల అమ్మీ తన ఒంటితో కట్టింది. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక! ఆ తర్వాత అతిథి వస్తే ఇంట్లో ఉన్నదే పెడుతున్నాము.

మధ్యేమార్గం

అల్లాహ్ మన చేతిని ఎలా ఉంచమన్నాడు? ఖర్చు పెట్టేటప్పుడు దుబారా చేయకుండా, పిసినారితనం చూపకుండా ఈ రెండింటి నడుమ ఉండేవారే కరుణామయుని దాసులని ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు వర్ణిస్తుంది. కలిగినవాడు తన కలిమిని బట్టి, ఇరుకులో ఉన్నవాడు అల్లాహ్ తనకు ఇచ్చినదాన్ని బట్టి ఖర్చు చేయాలని, ఇచ్చినదానికి మించి అల్లాహ్ ఎవరిమీదా భారం మోపడని, కష్టం తర్వాత సులువును కలిగిస్తాడని తలాఖ్ సూరా 7వ ఆయతులో ఉంది. అల్లాహ్ మోపని భారాన్ని మనమే మన నెత్తిన ఎందుకు పెట్టుకోవాలి?

అయితే పొదుపు పేరుతో ఇంటివారి కడుపు మాడ్చడం కూడా దీన్ కాదు. హజ్రత్ అబూ సుఫ్యాన్ (రజి) భార్య హింద్ (రజి) తన భర్త చాలినంత ఇవ్వడని దైవప్రవక్త (స)తో మొరపెట్టుకున్నారు. తనకూ పిల్లలకూ సరిపోయేంత రివాజు ప్రకారం తీసుకోవచ్చని ఆయన అనుమతించారు. కాబట్టి కలిగి ఉండీ ఇవ్వని భర్త ఈ ప్రసంగాన్ని తన పిసినారితనానికి అడ్డు పెట్టుకోకూడదు.

ఇంకొక మాట. మన ఇళ్లలో ఆడవారు అందరూ తిన్నాక చివరన తింటారు. కూర తక్కువైన రోజు ఆ తక్కువ ఎవరి పళ్లెంలో పడుతుంది? తల్లి పళ్లెంలోనే, కోడలి పళ్లెంలోనే. రాబడి తగ్గిందని కేవలం ఆమె పాలును కోయడం పొదుపు కాదు, అన్యాయం. అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోండి. ఇద్దరి అన్నం ముగ్గురికి, ముగ్గురి అన్నం నలుగురికి సరిపోతుందని దైవప్రవక్త (స) చెప్పారు. కలిసి తిన్నప్పుడు ఎవరికి తక్కువైందో అందరి కంటా పడుతుంది. అప్పుడు సర్దుబాటు జరుగుతుంది. బర్కత్‌కు ఇది ఒక ద్వారం.

వంటింట్లో ఆచరించవలసినవి

యూసుఫ్ (అ) కరువు రాకముందే ఏడేళ్లు పంట పండించి, తినడానికి కావలసిన కొద్దిపాటి తప్ప మిగిలింది వెన్నులలోనే నిల్వ చేయమన్నారు. తవక్కుల్ అంటే లెక్క లేకుండా బతకడం కాదని దీనివల్ల తెలుస్తుంది. కాబట్టి:

కూలి చేతికి రాగానే మొదట ఇంటి బాడుగ, మందులు, పిల్లల చదువు, పాత బాకీ వేరు చేయండి. మిగిలినదానితోనే వారానికి సరిపడా సరుకుల చీటీ రాసుకోండి. ఆకలితో, పిల్లల్ని వెంటబెట్టుకుని అంగడికి పోకండి.

పద్దు మీద తెచ్చుకునే అలవాటు మెల్లగా మానండి. పద్దులో వస్తువు ధర కనిపించదు, నెలాఖరున మొత్తం మాత్రమే కనిపిస్తుంది.

జొన్న, కొర్ర, రాగి, ఉలవలు, అలసందలు మన నేల ఇచ్చిన రిజ్ఖ్. రేషన్ బియ్యంతోపాటు ఇవి కలిపి వాడుకుంటే కడుపు నిండుతుంది, ఒంటికి సత్తువ వస్తుంది. ఉలవలు ఉడికించిన నీళ్లు పారబోయక చారు చేసుకోండి, గుగ్గిళ్లు పిల్లలకు పెట్టండి. పెరట్లో ఒక మునగచెట్టు ఉంటే ఆకు, కాయ రెండూ కూరే. కరకరలాడేలా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టె కొన్ని రోజులు నిలువ ఉంటుంది.

మాంసం వారానికి ఒకసారి చాలు. అర కిలో మాంసాన్ని వేపుడు చేస్తే ఇద్దరికి సరిపోదు. అదే శనగపప్పు, సొరకాయ వేసి దాల్చా చేస్తే ఇంటిల్లిపాదీ తింటారు. పులుసు వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి ఇవ్వమని హజ్రత్ అబూజర్ (రజి)కు దైవప్రవక్త (స) ఉపదేశించారు. చూడండి, పేదవాడికి కూడా ఇచ్చే భాగ్యం ఎలా కలిగించారో! ఆయన కోరింది ఎక్కువ మాంసం కాదు, ఎక్కువ నీళ్లు. పొరుగువారు ఏ మతస్థులైనా పొరుగువారి హక్కు వారికి ఉంటుంది.

జారిపడిన ముద్దను శుభ్రపరచి తినడం, పళ్లెం ఊడ్చి తినడం సున్నతు. ఇది పాటించే ఇంట్లో చెత్తబుట్టలోకి అన్నం పోదు.

కంతుల అప్పు గురించి

1990ల నడుమ నుంచి ఓర్వకల్లు మండలపు మహిళలు పొదుపు సంఘాలు కట్టుకుని పేరు తెచ్చుకున్నారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో అవి బలపడ్డాయి. చదువు లేని కూలి మహిళలు రూపాయి రూపాయి కూడబెట్టి నలుగురిలో మాట్లాడటం నేర్చారు. చిన్న మొత్తాన్ని చిన్నచూపు చూడకపోవడం, క్రమం తప్పకపోవడం, కలిసి నిలబడటం – ఈ మూడూ వారి నుంచి మనం నేర్చుకోవలసినవే. వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసుకునే పాత అలవాటును ప్రతి ఇల్లూ మళ్లీ మొదలుపెట్టవచ్చు. అయితే వడ్డీ ఇవ్వడమైనా పుచ్చుకోవడమైనా మనకు హరామ్ అని మరవకూడదు. అందుకే మహల్లా మస్జిదు ఆధ్వర్యంలో వడ్డీ లేని ఖర్జె హసన పెట్టె ఒకటి ఉండాలి. ప్రతి ఇల్లూ వారానికి పది రూపాయలు వేసినా ఆపదలో ఒక ఇంటిని ఆదుకోవచ్చు. పెద్దలు ఈ పని చేయకుండా "వడ్డీ హరామ్" అని మాత్రం చెప్పి ఊరుకుంటే పేద సోదరి ఎక్కడికి పోతుంది? ఈ విషయంలో మేము, మస్జిదు కమిటీలు అందరం అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

సూక్ష్మరుణాల కంతుల ఒత్తిడి ఎంత దాకా పోయిందంటే 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని అదుపు చేయడానికి ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. దైవప్రవక్త (స) నమాజులో అప్పు నుంచి అల్లాహ్ శరణు కోరేవారు. ఎందుకని అడిగితే, అప్పులో పడినవాడు మాట్లాడితే అబద్ధమాడతాడు, మాటిస్తే తప్పుతాడు అని వివరించారు. అప్పు మొదట జేబును, ఆ తర్వాత నాలుకను పాడుచేస్తుంది.

అంగడి నడిపే సోదరులకూ ఒక విన్నపం. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు దొరికేదాకా గడువు ఇవ్వమని బఖరా సూరా 280వ ఆయతు ఆదేశిస్తుంది. నలుగురిలో పద్దు చదివి వినిపించకండి.

ఆ సోదరికి జవాబు

ఇక నికాహ్ సంగతి. ఖైబర్ నుంచి తిరిగి వస్తూ దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)ను వివాహమాడారు. ఆ వలీమాలో రొట్టె లేదు, మాంసం లేదు. తోలు పరిచి దాని మీద ఖర్జూరాలు, జున్ను, నెయ్యి ఉంచారు. సృష్టిలో అందరికన్నా గౌరవనీయుని వలీమా అది. పైగా వలీమా వరుని బాధ్యత. ఆడపిల్ల తండ్రి ఊరందరికీ విందు పెట్టాలని షరీఅత్ ఎక్కడా విధించలేదు. కాబట్టి సోదరీ! వడ్డీ అప్పు తీసుకోవద్దు. బిర్యానీ కోసం అసలే వద్దు.

ఇంత చెప్పి ఊరుకుంటే భారమంతా ఆమె మీదే మిగులుతుంది. అందుకే ఊరి పెద్దలు ఇద్దరితో కలిసి మేము వరుని తండ్రి దగ్గరికి వెళ్లాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మా తరఫువాళ్లు ఏమంటారో హజ్రత్" అన్నారు. అక్కడా అదే భయం! ఇరువైపులా ఒకరికొకరు భయపడి ఇద్దరూ అప్పుల పాలవుతున్నారు. మస్జిదులో అసర్ తర్వాత నికాహ్, ఖర్జూరాలు, దగ్గరి వారికి మాత్రం బగారా అన్నం, దాల్చా అని ఒప్పుకున్నారు. అలాగే జరిగింది. కొందరు పెదవి విరిచారు, నిజమే. కాని పెళ్లి మరునాడు ఆ ఇంటి తలుపు తట్టడానికి అప్పులవాడు ఎవరూ రాలేదు. తర్వాతి నెలలో అదే వీధిలో మరో ఇద్దరు తండ్రులు తమ పిల్లల నికాహ్ ఇలాగే చేస్తామని మా దగ్గరికి వచ్చారు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. పేద ఇంటి తల్లి ఒకామె మొదలుపెట్టింది.

సోదరులారా! రాబడి పెరగడం, తగ్గడం మన చేతిలో లేదు. పెరిగినప్పుడు షుక్ర్, తగ్గినప్పుడు సబ్ర్, రెండు వేళలా హలాల్ – ఇవి మన చేతిలో ఉన్నాయి. జొన్నరొట్టె వండుకున్న రోజు తలుపు వేసుకోకండి. బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టి, అల్‌హమ్దులిల్లాహ్ అని ముగించండి. ఒక రొట్టె పొరుగింటికి కూడా పంపండి.

ఓ అల్లాహ్! మాకు హలాల్ రిజ్ఖ్ ఇవ్వు, ఇచ్చినదానిలో బర్కత్ ఇవ్వు, ఇచ్చినదానితో తృప్తిపడే మనసు ఇవ్వు. అప్పుల బరువు నుంచి, మనుషుల మెప్పుకోసం చేసే ఖర్చు నుంచి మమ్మల్ని కాపాడు. మా కోసం తమ ముద్ద తగ్గించుకున్న తల్లులకు నీ దగ్గర ఘనమైన ప్రతిఫలం ప్రసాదించు. ఆమీన్.